పెద్దాయన స్క్రిప్ట్

మా మామగారికి పొద్దున లేవగానే టీ కన్నా ముందు ఎవరో ఒకరు చచ్చిన కబురు కావాలి. అది అందకపోతే టీ కూడా సహించదు.

"అల్లుడుగారూ, మీ దుమ్ము పండితుడి జాబ్ మళ్ళీ పోయింది," అంటారు టాబ్లెట్ మీంచి తల ఎత్తకుండా. "ఫలితాలు తీసుకెళ్ళి లేని ఫోల్డర్లో పెట్టమన్నాడు. ఇంటికి తాళం లేదంటే అర్థం చేసుకోవచ్చు. ఇల్లే లేకపోతే సామాను ఎక్కడ దింపుతారండీ?"

నేను "ఊఁ" అంటాను. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయనతో నేను ఎక్కువగా మాట్లాడిన మాట అదే. ఆయన నన్ను ఎప్పుడూ 'గారూ' లేకుండా పిలవలేదు, ఆ 'గారూ'లో గౌరవం ఉన్నట్టు నాకెప్పుడూ అనిపించలేదు.

సరిగ్గా చెప్పకపోతే మా ఇంట్లో రోజూ ఎవరో పోతున్నారనుకుంటారు. పోయేవి మనుషులు కావు, జాబ్‌లు. నేను పనిచేసే పరిశోధన సంస్థలో ఒక పెద్ద మెషీన్ ఉంది. ఇనప బీరువాల నిండా కంప్యూటర్లు పేర్చి, అన్నీ కలిసి ఒక్కటిగా పనిచేసేలా కట్టిన మెషీన్ అది. గాలిలో దుమ్ము ఎటు పోతుంది, వాన ఎక్కడ పడుతుంది వంటి లెక్కలు దానికిస్తారు. ఇవ్వాలంటే ముందు ఒక చిన్న ఫైల్ రాయాలి. ఎంత మెమరీ కావాలి, ఎంతసేపు కావాలి, ఫలితం ఎక్కడ పెట్టాలి, మధ్యలో చస్తే ఎవరికి మెయిల్ పంపాలి, ఇవన్నీ అందులో ఉండాలి. ఆ ఫైలే స్క్రిప్ట్. అది క్యూలో పెడితే, వంతు వచ్చినప్పుడు మెషీన్ ఆ జాబ్‌ను నడుపుతుంది. నడవకపోతే ఎందుకు నడవలేదో చూసేవాణ్ని నేను. మెషీన్ గది పక్కనే నా గది. కిటికీ తీస్తే ఏసీల వెనక భాగాలు కనిపిస్తాయి, మూస్తే వాటి రొద మాత్రమే వినిపిస్తుంది.

స్క్రిప్ట్ రాయడం చేతులు విరిగే పని కాదు. అరపేజీ ఉంటుంది. అయినా మా సంస్థలో దాన్ని సొంతంగా రాసిన మనిషి ఒక్కరే, మా మామగారు. ఆయన మా శాఖకు అధిపతిగా ఉన్నప్పుడు, ఇప్పటి మెషీన్ కన్నా ముందున్న మెషీన్ కోసం రాశారు. ఆ మెషీన్‌ను తుక్కు కింద అమ్మేశారు. స్క్రిప్ట్ మాత్రం బతికుంది. ఆయన దగ్గర ఆయన శిష్యుడు కాపీ చేసుకున్నాడు, శిష్యుడి దగ్గర వాడి శిష్యురాలు. పేరు ముందు డాక్టర్ అని రాసుకునే ప్రతివాడూ ఆ అరపేజీని మక్కికి మక్కి దించుకున్నవాడే. దాని పేరు పెద్దాయన స్క్రిప్ట్. దాన్ని తాకాలంటే భయం. ఎవరో ఒకసారి మధ్యలో ఉన్న ఖాళీ లైను తీసేశాడట, అప్పుడే కరెంటు పోయి జాబ్ చచ్చిందట. అప్పట్నుంచీ ఆ ఖాళీ లైనుకు కాపలా కాస్తున్నారు. ఇంకోచోట మామగారే ఒక మాట రాసి పెట్టారు: 'ఈ లైను ఎందుకు పెట్టానో గుర్తులేదు. పనిచేస్తోంది కదా, కదిలించకండి.' దాన్నీ భక్తిగా దించుకుంటారు.

ఇంత భక్తిలో ఒక్కరూ చదవని లైను ఇంకొకటి ఉంది. జాబ్ చస్తే ఎవరికి కబురు పంపాలో చెప్పే లైను. అందులో ఉన్నది మామగారి అడ్రసు. అదీ సంస్థ ఇచ్చినది కాదు, ఆయన సొంత మెయిల్. సంస్థ మెయిల్ మీద ఆయనకు మొదట్నుంచీ నమ్మకం లేదు. అందుచేత మా శాఖలో ఎవరి జాబ్ చచ్చినా, దాని లైన్లూ, మెషీన్ అన్న చివరి మాటలూ మూటగట్టుకుని కబురు నేరుగా మా ఇంటి భోజనాల బల్ల మీదికి వస్తుంది. జాబ్ తాలూకు మనిషికి మాత్రం ఏమీ తెలియదు. ఆ మనిషి గదిలో నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, మెషీన్ ఇంకా ఆలోచిస్తోందనుకుంటూ ఉంటాడు.

ఆ లైను మార్చుకోండయ్యా అని నేను గోడకు చెప్పినట్టు చెప్పాను. విడివిడిగా చెప్పాను, మీటింగుల్లో చెప్పాను, లిఫ్టులో చెప్పాను. అందరూ తలూపారు. తలూపడంలో మావాళ్ళను మించినవాళ్ళు లేరు.

ఇంట్లో సంగతి వేరు. మా అత్తగారు పోయాక మామగారిని మా ఇంటికి తెచ్చుకున్నాం. వెనక గదిలో గోడవైపు తిరిగి పడుకున్నారు. తినమంటే తినేవారు, లేవమంటే వినపడనట్టు ఉండేవారు. నోట మాట లేదు. మా ఆవిడ స్కూలుకు సెలవు పెట్టి ఆ గది గుమ్మంలోనే కూర్చునేది. ఒకరోజు అత్తగారి ఫోటోలు చూసుకుంటారని టాబ్లెట్ చేతికిచ్చింది. ఆయన ఎక్కడ నొక్కారో ఏమో, ఫోటోలకు బదులు మెయిల్ తెరుచుకుంది. ఆయన రిటైరైన దగ్గర్నుంచీ చచ్చిన జాబ్‌లన్నీ అక్కడ కుప్పపడి ఉన్నాయి. కాసేపటికి గదిలోంచి ఒక్క మాట వినిపించింది.

"వెధవలు!"

మా ఆవిడ వంటింట్లో గరిట వదిలేసి ఏడ్చింది. ఒక తిట్టు విని అంత సంతోషపడ్డ మనిషిని నేను మళ్ళీ చూడలేదు. మర్నాడు ఆయన తనంతట తానే లేచి, గడ్డం గీసుకుని, బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నారు. ఎదురుగా టాబ్లెట్ నిలబెట్టుకుని ఎవరెవరు ఎలా చచ్చారో చదవడం అప్పుడు మొదలైంది.

"ఆ మెయిల్స్ కోసమే నాన్న మంచం దిగుతున్నాడు," అనేది మా ఆవిడ. "మీ ఆఫీసువాళ్ళు ఎంత తెలివితక్కువవాళ్ళయితే మనింటికి అంత మంచిది."

ఆ లెక్కన మా ఇల్లు చాలా కాలం చల్లగా ఉండాల్సింది. దుమ్ము పండితుడు ఒంటికాలి మీద లేవకపోతే ఉండేది కూడా.

దుమ్ము పండితుడంటే గాలిలో దుమ్ము మీద పరిశోధన చేసే పెద్దమనిషి. గది నిండా గాజు సీసాల్లో రకరకాల దుమ్ము పెట్టుకుంటాడు. వాటి మీద పడిన దుమ్ము మాత్రం తుడవడు. సంస్థ మీటింగులో లేచి, డైరెక్టర్ ఎదుట బల్ల గుద్దాడు.

"వారం నుంచి నా జాబ్ నడుస్తూనే ఉందండీ. ఇదేం మెషీన్? నేను కాగితం మీద వేసుకున్నా ఈపాటికి తేలిపోయేది!"

"అది మొదటి నిమిషంలోనే చచ్చిందండీ," అన్నాను.

"మరి నాకెవరూ చెప్పలేదే?"

"చెప్పాల్సినవాళ్ళకి చెప్పింది. మా మామగారికి."

గదిలో ఎవరూ నవ్వలేదు. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. వాన మేడమ్, అంటే వానల లెక్కలు చూసే ఆవిడ, తన లాప్‌టాప్ మెల్లగా తెరిచి తన స్క్రిప్ట్ చదువుకోవడం మొదలుపెట్టింది. అది ఆవిడ మొదటిసారి చదవడం అని మొహం చూస్తేనే తెలిసిపోయింది.

మా డైరెక్టర్‌కు ప్రతి విషయాన్నీ ముందుకు తీసుకెళ్ళడం ఇష్టం. ఎక్కడికో చెప్పడు. "ఈ విషయాన్ని ముందుకు తీసుకెళ్దాం," అన్నాడు నావైపు తిరిగి. "ఒక టెంప్లేట్ తయారు చెయ్యండి. ఎవరు నింపినా తప్పు రాకూడదు. పాత స్క్రిప్ట్ ఇంక ఎక్కడా కనపడకూడదు."

ఇంటికెళ్ళి చెప్పగానే మా ఆవిడ నా చేతిలో పళ్ళెం పెట్టబోతూ ఆగింది.

"టెంప్లేట్లో నాన్న అడ్రస్ అలాగే ఉంచండి."

"దుమ్ము పండితుడి జాబ్ చస్తే దుమ్ము పండితుడికి కదా తెలియాలి?"

"ఆయనకి తెలిస్తే ఏం చేస్తాడు? వచ్చి మిమ్మల్నే అడుగుతాడు. నాన్నకి తెలిస్తే లేచి కూర్చుంటాడు."

"తప్పని తెలిసి తెలిసి ఎలా పెట్టను?"

"ఇన్నాళ్ళూ ఉన్నదేగా. కొత్తగా పెట్టమనడం లేదు, తియ్యొద్దంటున్నాను."

నాకు నా పని మీద పొగరుంది. ఒకడి తప్పు ఇంకొకడికి చేరవేసే టెంప్లేట్ నా చేత్తో రాయడమంటే నా మొహాన నేనే మసి పూసుకోవడం. ఆ మాటే అన్నాను. ఆవిడ పళ్ళెం పెట్టింది, అవసరమైన దానికన్నా గట్టిగా.

టెంప్లేట్ మాత్రం బాగా రాశాను. నింపాల్సిన ఖాళీలు మూడే పెట్టాను, అంతకు మించితే మా డాక్టర్లు పరీక్ష హాల్లో పిల్లల్లా కంగారుపడతారు. మెమరీ ఎంత కావాలో పాత జాబ్‌లు చూసి అదే అడుగుతుంది. ఫోల్డర్ లేకపోతే తనే తయారుచేసుకుంటుంది, ఉన్నదాంట్లో పాత చెత్త ఉంటే ఊడ్చేసుకుంటుంది. జాబ్ చస్తే, ఎవరు పెట్టారో వాళ్ళకే మెయిల్ వెళుతుంది. ముందుగా వాన మేడమ్‌కు ఇచ్చాను. 'మీ ప్రోగ్రామ్ పేరు ఇక్కడ రాయండి' అని ఉన్నచోట ఆవిడ ఏమీ రాయకుండా, ఆ వాక్యాన్నే ప్రోగ్రామ్ అనుకుని నడపమని మెషీన్‌కు పంపింది. ఆ తర్వాత టెంప్లేట్లో ఇంకో మాట చేర్చాను: 'ఈ వాక్యం కాదు, పేరు.' ఇంత చదువు చదివినవాళ్ళకు ఆ మాట రాయాల్సి వచ్చినందుకు నాకే సిగ్గేసింది.

"ఏదో రాస్తున్నారట," అన్నారు మామగారు ఒక పొద్దున. "మేం చూడకూడదా?"

టాబ్లెట్లో తెరిచి ఇచ్చాను. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, దగ్గరగా పెట్టుకుని చదివారు. పెళ్ళిచూపుల్లో కూడా నేను అంత బిగుసుకుపోలేదు.

"మనుషుల మీద రవ్వంత నమ్మకం లేకుండా రాశారు," అన్నారు చివరికి. "అలాగే రాయాలి."

తర్వాత వేలు ఒకచోట ఆగింది. "చస్తే ఎవరి జాబో వాళ్ళకే వెళ్తుందా?"

"అవునండీ."

మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది. మామగారు కళ్ళజోడు కిందికి దించుకున్నారు.

"అదే సరైనది," అని టాబ్లెట్ నా చేతికిచ్చేశారు.

ఆయన ఏదైనా వెటకారం ఆడుంటే బాగుండేది. ఆడలేదు, అదే నాకు గుచ్చుకుంది.

టెంప్లేట్ అందరికీ ఇచ్చాక మెయిల్స్ తగ్గాయి, తర్వాత ఆగిపోయాయి. మామగారు మొదట్లో మామూలుగానే వచ్చి టాబ్లెట్ నిలబెట్టుకుని కూర్చునేవారు. టీ చల్లారిపోయేది. మా ఆవిడ వేడి చేసి ఇస్తే అదీ చల్లారిపోయేది. తర్వాత ఆలస్యంగా రావడం మొదలుపెట్టారు. తర్వాత గడ్డం గీసుకోవడం మానేశారు. ఒక పొద్దున కుర్చీ ఖాళీగా ఉంది. వెనక గదిలోకి తొంగిచూస్తే గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు.

"ఒంట్లో బాగాలేదా మామయ్యగారూ?"

"బాగానే ఉందండీ. లేచి చేసేదేముంది?"

మా ఆవిడ నాతో మాట్లాడటం మానలేదు, అదే వచ్చిన చిక్కు. "టీ," అనేది. "తాళాలు," అనేది. ఒక్కో మాటే అనేది, ప్రతి మాటలోనూ నన్ను కడిగేసేది. ఆఫీసులో మాత్రం నాకు మంచి రోజులు. చచ్చే జాబ్‌ల లెక్క కిందికి దిగిపోయిందని డైరెక్టర్ గోడ మీద గీత గీసి చూపించాడు. ఆ గీత పక్కన నా ఫోటో పెట్టాడు. విషయాన్ని ముందుకు తీసుకెళ్ళానన్నాడు. అందరూ చప్పట్లు కొడుతుంటే నాకు ఇంట్లో గోడవైపు తిరిగిన వీపు ఒకటే కళ్ళముందు ఆడింది. ఆ చప్పట్లంటే అసహ్యం వేసింది. సరైన పనే చేశాను, అది పెద్దాయన నోటితోనే ఒప్పుకున్నారు. అయినా మనసు ఒప్పుకోలేదు.

మీటింగ్ అయ్యాక నా గదికొచ్చి తలుపేసుకున్నాను. పరీక్షల కోసం ఉంచుకున్న ఖాతా తెరిచి, పాత స్క్రిప్ట్ పెట్టి, మెమరీ అడిగే చోట బొత్తిగా చాలనంత తక్కువ రాశాను. క్యూలో పెట్టాను. పెట్టిన వెంటనే చచ్చింది. నా ఉద్యోగంలో నేను కావాలని చంపిన మొదటి జాబ్ అది. కబురు మా ఇంటికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున వెనక గదిలోంచి పిలుపు వచ్చింది.

"అల్లుడుగారూ, ఒకసారి ఇలా వస్తారా?"

మంచం మీదే ఉన్నారు. కానీ కూర్చుని ఉన్నారు, టాబ్లెట్ ఒళ్ళో ఉంది.

"ఇదెవరిదండీ?"

"ఎవరో కొత్తగా చేరినాయనది, మామయ్యగారూ. మెమరీ చాలలేదు."

"కొత్తగా చేరినవాడికి మీ టెంప్లేట్ ఇవ్వకుండా నా పాత సామాను ఎవరిచ్చారు?"

నేను మంచం కోడు వైపు చూశాను.

"అడిగిన మెమరీ చూశారా? మా రోజుల్లో గడియారం కూడా ఇంతలో నడిచేది కాదు. నేను ఇన్నేళ్ళు చూశాను. మనవాళ్ళు పొరపాటున ఎప్పుడూ ఎక్కువే అడుగుతారు. కావలసినదానికి పదింతలు అడుగుతారు. ఇంత తక్కువ ఎవరూ పొరపాటున అడగరండీ. తక్కువ అడిగేవాడు తెలిసే అడుగుతాడు."

చెవుల దాకా వేడెక్కింది నాకు. పట్టుబడ్డ సిగ్గు కన్నా, నేను తన మీద జాలిపడుతున్నానని ఆయన అనుకుంటారేమోనన్న భయం ఎక్కువైంది.

మామగారు కాళ్ళు కిందికి దించి చెప్పులు వెతుక్కున్నారు.

"అబద్ధమైనా కాస్త శ్రద్ధగా చెప్పాలి," అన్నారు. "రేపటిది కొంచెం కష్టమైనది పంపండి."

వెళ్ళి బల్ల దగ్గర కూర్చున్నారు. మా ఆవిడ ఏమీ అడగకుండా ముగ్గురికీ టీ పోసింది. నా కప్పులో నాకు నచ్చినంత చక్కెర వేసింది, చాలా రోజుల తర్వాత.

జాబ్ నడిపించడం కన్నా దాన్ని నమ్మేలా చంపడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. భోజనం వేళ గది తలుపేసుకుని అదే పని. కంటికి కనిపించని అక్షరం ఒకటి లైను చివర దాచి పంపితే, టీ సగం తాగేలోపు పట్టేశారు. "ఇది పిల్లల ఆట," అన్నారు. రెండు జాబ్‌లు ఒకే ఫైల్లో రాసేలా పెట్టి, ఒకదాన్నొకటి తొక్కుకునేలా చేసి పంపితే భోజనాల దాకా లాగారు. ఆఫీసుకు ఫోన్ చేసి మరీ, "ఇది పర్లేదు," అన్నారు. 'పర్లేదు' అన్న మాట ఆయన నోట నా గురించి రావడం అదే మొదలు. డైరెక్టర్ గోడ మీద పెట్టిన నా ఫోటో కన్నా నాకు అదే ఎక్కువనిపించింది, ఎవరితోనూ అనలేదు గానీ.

ఇలా నడుస్తుండగా ఒక పొద్దున నేను లేచేసరికే మామగారు బల్ల దగ్గర ఉన్నారు. గడ్డం గీసుకుని, చొక్కా మార్చుకుని ఉన్నారు. మొహం వెలిగిపోతోంది.

"ఇది మీరు పంపినది కాదు," అన్నారు.

నేను నిన్న ఏమీ పంపలేదు. డైరెక్టర్ మీటింగ్ పెట్టి భోజనం వేళంతా తినేశాడు. ఆ సంగతి చెప్పకుండా, "ఎందుకనుకుంటున్నారు?" అన్నాను.

"పేరు దుమ్ము పండితుడిదే ఉంది. పేరుదేముంది, మీరు ఎవరి పేరైనా పెట్టగలరు. అందుకే లోపలికి వెళ్ళి చూశాను. రండి, కూర్చోండి. నిలబడి చూసేది కాదిది."

కూర్చుని చూశాను. దుమ్ము పండితుడు పాత స్క్రిప్ట్ పారేయలేదు. అలాగని నా టెంప్లేట్ వద్దనుకోనూ లేదు. ఎందుకైనా మంచిదని రెండూ ఒకే ఫైల్లో అతికించాడు. పైన పెద్దాయనది, కింద నాది. కబురు ఎవరికన్నది మెషీన్ మొదట కనపడిన లైనులోనే చూసుకుంటుంది, అందుకే అది మా ఇంటికి వచ్చింది. మధ్యలో ఆ ఖాళీ లైను భద్రంగా ఉంది. పైభాగం ఓపిగ్గా దుమ్ము లెక్కలన్నీ ఫోల్డర్లో సర్దింది. కిందిభాగం వచ్చి, పాత చెత్త అనుకుని, మొత్తం ఊడ్చేసింది. తర్వాత లెక్కలేవీ అని వెతుక్కుని, కనపడక చచ్చింది. 'ఈ వాక్యం కాదు, పేరు' అని నేను రాసినచోట మాత్రం పేరు శుభ్రంగా నింపాడు.

"మీరు ఎంత కష్టపడినా ఇది మీ వల్ల కాదు అల్లుడుగారూ," అన్నారు మామగారు. "ఇంత తెలివితక్కువతనం మీకు చేతకాదు."

మా ఆవిడ మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను కూడా నవ్వాను. ఆయన కూడా నవ్వారు, చిన్నగా. అత్తగారు పోయాక ఆ నవ్వు చూడలేదు నేను.

ఆఫీసులో వరండా మలుపు దగ్గర దుమ్ము పండితుడు ఎదురొచ్చాడు, చేతిలో సీసా ఊపుకుంటూ.

"మీ టెంప్లేట్ బ్రహ్మాండమండీ," అన్నాడు. "పాతది తీసి అవతల పారేశాను."

"జాబ్ నడుస్తోందా?"

"భేషుగ్గా. నిన్నట్నుంచీ ఆలోచిస్తోంది."

అక్కడికక్కడే చెప్పడం నా ఉద్యోగం. ఆ ఫైల్ లాక్కుని పాత స్క్రిప్ట్ చెరిపేయడం కూడా నా ఉద్యోగమే. నోటిదాకా వచ్చింది. కానీ ఇంట్లో మామగారు రెండో కప్పు టీ పక్కన పెట్టుకుని, కింది సగం ఇంకా చదువుతూ ఉంటారు.

"ఆలోచించనివ్వండి," అన్నాను. "సాయంత్రం దాకా తొందరేముంది?"